కొండ చాటు ఊరికి వచ్చిన తీగ



రజతోత్సవమున మాటలాడుమనినప్పుడు నానుండి భారతములోని ఘట్టమో, ప్రబంధములోని వర్ణనమో కొందఱు ఆశించి యుందురు. ఈ గ్రంథాలయపు బల్లల యొద్ద కూర్చుండియే నేను నాలుగు కావ్యములు చదువుకొంటిని గనుక ఆ ఆశ సహజమే. కాని నా వృత్తి లెక్కలు వ్రాయుట. పగలెల్ల సహకారసంఘపు చిట్టా ఆవర్జాలతో కాలము గడపువాడను. అట్టివానికి రాజుల చరిత్రకంటె చందాదారుల చరిత్రమీద మక్కువ యెక్కువగుట వింత కాదు. అందుచేత నేడొక చిన్న ఊరి కేబులు టెలివిజన్ కంపెనీ కథను మనవి చేసెదను. ఆ ఊరు మన దేశములోనిది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, కొండల నడుమ నున్న లాన్స్‌ఫర్డ్. 1990 తరువాత మన పల్లెలలో పెంకుటిండ్ల మీదుగా, వేపకొమ్మల నడుమగా సాగిన నల్లని తీగకు మూలమెచ్చటనని విచారించినచో ఆ విచారణ మనలను అట్టి ఊళ్ళకే కొనిపోవును.

లాన్స్‌ఫర్డ్ బొగ్గుగనుల ఊరు. దాని పైని కొండమీద సమ్మిట్ హిల్ అను మఱొక ఊరు కలదు. ఆ కొండమీద 1791లో బొగ్గు కనబడినది. 1827లో అచ్చటినుండి లీహై నది యొడ్డున నున్న మాక్ చంక్ అను ఊరివఱకు సుమారు తొమ్మిది మైళ్ళ పట్టాల బాట వేసిరి. నిండు బండ్లు తమ బరువుచేతనే పల్లమునకు జారిపోయెడివి. ఖాళీ బండ్లను కంచరగాడిదలు మరల పైకి లాగెడివి. ఆ గాడిదలు కూడ క్రిందికి వచ్చునప్పుడు బండి యెక్కియే వచ్చెడివట! ఈ పాతముచ్చట యెందుకనగా, ఆ కొండనుండి జనులు క్రిందికి దింపుకొన్న సంపదలు రెండు. మొదటిది బొగ్గు; నూఱేండ్లు దాటిన పిమ్మట వచ్చిన రెండవది బొమ్మ.

1950 నాటికి లాన్స్‌ఫర్డ్ జనసంఖ్య ఏడువేల పైచిలుకు. అప్పటికే బొగ్గునకు మంచిరోజులు పోయినవి. ఇండ్లను వెచ్చచేయుటకు నూనెయు వాయువును వాడుకలోనికి వచ్చి, గనులలో పని సన్నగిల్లుచుండెను. ఆ కాలముననే అమెరికా నగరములలో టెలివిజన్ వ్యాపించుచుండెను. లాన్స్‌ఫర్డ్‌నకు సుమారు డెబ్బది మైళ్ళ దూరమున ఫిలడెల్ఫియా నగరము కలదు. అచ్చట మూడు టెలివిజన్ కేంద్రములు పనిచేయుచుండెను. కాని టెలివిజన్ తరంగము దాదాపు చూపు సాగునట్లు తిన్నగా సాగునే గాని, కొండను చుట్టి లోయలోనికి దిగదు. వింధ్యుడు పెరిగి సూర్యుని దారి నడ్డగించిన కథ మనమెఱిగినదే గదా! ఇచ్చటను కొండయే అడ్డు. అయితే వంగుమని కోరుటకు అగస్త్యుడు లేడు. అందుచేత వారు కొండ నెక్కిరి.

తమ ఊరిలోనే ఒక కేంద్రము పెట్టుకొనరాదా యని మీరడుగవచ్చును. అమెరికా ప్రభుత్వపు ప్రసారసంఘము 1948 సెప్టెంబరు 30వ తేదీన క్రొత్త కేంద్రములకు అనుమతులిచ్చుట నిలిపివేసెను. తరంగముల పంపకము సరిగా జరుగక, ఒక కేంద్రపు బొమ్మ మఱొకదానిపై పడుచుండుటయే కారణము. కొలదినెలలకని చెప్పిన ఆ నిలుపుదల 1952 ఏప్రిలు వఱకు సాగినది. అంతకాలమును దేశమంతటికిని నూట యెనిమిది కేంద్రములే దిక్కు. చిన్న ఊళ్ళ నోరు కట్టిన ఆ మూడున్నరేండ్లలోనే కేబులు పుట్టినది.

లాన్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ టార్ల్‌టన్ అను రేడియో వ్యాపారి యుండెను. టెలివిజన్ పెట్టెలను సమ్మిట్ హిల్ వారు కొనుచుండిరి. కొండమీద బొమ్మ వచ్చుచుండెను గనుక. క్రింది ఊరివారు కొనరు. కొని యేమి చూతురు? ఆ పెట్టె ఇంట నుండిన, వెలిగెడి అద్దమేగాని బొమ్మ యుండదు. ఈతడును, తోటి వ్యాపారులు కొందఱును కలిసి 1950లో పాంథర్ వ్యాలీ టెలివిజన్ కంపెనీని స్థాపించిరి. ఇందు లోకోపకారబుద్ధి మొదట నుండెనని నేను చెప్పజాలను. సరకు అమ్ముడుపోవలెను, అందుకు బొమ్మ రావలెను. కిరాణాకొట్టువాడు తన వీధికి బాట వేయించినట్టిదే ఇది. బాట పడిన పిమ్మట దానిమీద అందఱును నడచిరి.

పనితీరును మన కాలువల భాషలో చెప్పెదను. కొండమీద ఎత్తైన స్తంభమునకు ఏరియల్ కట్టిరి. అది చెఱువు. అచ్చటినుండి మందపాటి తీగ ఊరిలోనికి దింపిరి. అది పెద్దకాలువ. వీధివీధికిని చీల్చిన తీగలు పిల్లకాలువలు. తూము దగ్గఱి పొలమునకు నీరు పుష్కలమనియు, చివరి ఆయకట్టునకు చేరునప్పటికి చెమ్మ మాత్రమే మిగులుననియు రైతులకు నేను చెప్పనక్కఱలేదు. తీగలోని బొమ్మకును అదే గతి. దూరము పోయినకొలది బలహీనమగును. అందుచేత నడుమ నడుమ యాంప్లిఫయరు అను యంత్రమును పెట్టి దానిని మరల లేవనెత్తవలెను. ఏతము నీటితోపాటు బురదనుకూడ ఎత్తునట్లు, ఆ యంత్రము బొమ్మతోపాటు దానిలోని నలుసులనుకూడ పెంచును. అవి వాల్వుల కాలపు యంత్రములు. వేసవిలో ఒకతీరు, మంచుకాలములో ఒకతీరు. స్తంభములెక్కి వానిని సరిదిద్దువాడు లేనినాడు ఊరంతయు చీకటే. మఱొక చిక్కు కలదు. ఎక్కువ పౌనఃపున్యము గల తరంగము తీగలో త్వరగా క్షీణించును. కావున అట్టివానిని కొండమీదనే తక్కువ పౌనఃపున్యమునకు మార్చి దింపుట ఆ వృత్తిలో అలవాటైనది.

టార్ల్‌టన్ వాడిన యంత్రములు జెరాల్డ్ అను ఫిలడెల్ఫియా కంపెనీ చేసినవి. దాని యజమాని మిల్టన్ జెరాల్డ్ షాప్. ఒకే కట్టడములో పెక్కు కుటుంబములుండు మేడలకై, ఇంటిపైన ఒక్క ఏరియల్ పెట్టి అందఱకును పంచుటకు ఆయన ఆ యంత్రమును చేసెను. మేడకొఱకు చేసినదానిని ఊరికొఱకు వాడుచున్నారని తెలిసి షాప్ స్వయముగా లాన్స్‌ఫర్డ్ వచ్చి చూచెను. చూచినవెంటనే తన వ్యాపారపు భవిష్యత్తు ఎచ్చట నున్నదో గ్రహించెను. పిమ్మట ఆయన కేబులు యంత్రములమీద ధనవంతుడై, 1971 మొదలు 1979 వఱకు ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. టార్ల్‌టనును ఆ జెరాల్డ్ కంపెనీ పక్షమున ఇతర ఊళ్ళలో తీగలు వేయించుటకు వెళ్ళెను.

ఇక నాకు ప్రియమైన జమాఖర్చులు. పాంథర్ వ్యాలీ కంపెనీ ఒక్కొక్క ఇంటికి తీగ కలుపుటకు 125 డాలర్లును, తరువాత నెలకు 3 డాలర్లును పుచ్చుకొనెను. 1950లో బొగ్గుగని కూలివానికి 125 డాలర్లనగా దాదాపు రెండు వారముల సంపాదన. పెట్టె వెల దీనికి వేఱు. ఊహకు నూఱిండ్లు చేరినవనుకొందము. ముందుగా పండ్రెండువేల ఐదువందల డాలర్లు చేతికి వచ్చును. ఏటేట మూడువేల ఆఱువందలు వచ్చుచుండును. అనగా ఏరియల్, తీగ, యంత్రములు అన్నియు చాలవఱకు చందాదారుల సొమ్ముతోనే నిలిచినవన్నమాట. పని తగ్గుచున్న ఊరిలో, రేపటి కూలి నిశ్చయము లేని మనుష్యులు రెండు వారముల సంపాదనను బొమ్మకొఱకు వెచ్చించుట తెలివియా యని తర్కింపవచ్చును. నా మట్టుకు నేను వారిని తప్పుపట్టను. పట్టణమువాడు ఉచితముగా చూచుచున్నదానిని, కొండ చాటున పుట్టినందుకు మనమేల చూడరాదని వారికి తోచియుండును. ఆ పట్టుదలతోనే మన పెద్దలును ఈ గ్రంథాలయమునకు చందాలు వేసిరి.

ఆ 125 డాలర్ల విషయమున ఒక చక్కని వ్యాజ్యము జరిగినది. ఇట్టి రుసుమును కేబులు కంపెనీలు కొన్ని ఆదాయముగా చూపలేదు. "ఇది నిర్మాణమునకై చందాదారులిచ్చిన సాయము, మూలధనము వంటిది, దీనిపై ఆదాయపు పన్ను చెల్లదు" అని వాదించినవి. ఆ రాష్ట్రములోనే వయోమింగ్ వ్యాలీ ప్రాంతపు టెలిసర్వీస్ కంపెనీ వ్యాజ్యములో 1957లో పన్నుల న్యాయస్థానమును, 1958లో పై న్యాయస్థానమును ఆ వాదమును త్రోసిపుచ్చి, అది ఆదాయమేయని తీర్పు చెప్పినవి. లెక్కలు వ్రాయువానిగా నాకును ఆ తీర్పే సరియని తోచును. సొమ్మిచ్చినవానికి కంపెనీలో వాటా లేదు. ఇచ్చినది మూలధనమైనచో ఇచ్చినవాడు భాగస్వామి కావలదా? మన గ్రంథాలయములో సభ్యుడు కట్టిన ధరావతును అప్పుల పద్దున వ్రాయుదుము. మానుకొన్ననాడు తిరిగి యిచ్చుదుము. 125 డాలర్లు అట్లు తిరిగి వచ్చెడివి కావు.

పన్నులమాట వచ్చినది గనుక ఇంకొకటి. టెలిఫోను, తంతి మొదలగువానిమీద వేయు నూటికి ఎనిమిది వంతు పన్నును ప్రభుత్వము ఈ చందాలమీదను వేయబూనెను. దానిని ఎదిరించుటకై 1951 సెప్టెంబరులో చుట్టుప్రక్కల చిన్న కంపెనీలవారు పాట్స్‌విల్ అను ఊరి హోటలులో సమావేశమైరి. అమెరికా కేబులు వ్యాపారుల జాతీయసంఘమునకు అదియే అంకురము. తమ్ములు వేఱుపడినను పన్నువాడు వచ్చినచో ఒకటగుదురు గదా! 1956లో న్యాయస్థానము ఆ పన్ను ఈ సేవకు వర్తింపదని చెప్పెను.

లాన్స్‌ఫర్డ్ వార్త పత్రికలలో వచ్చిన పిమ్మట ఇతర కొండయూళ్ళనుండి విచారణలు వెల్లువగా వచ్చినవి. 1952లో అమెరికా అంతట ఇట్టి సంస్థలు డెబ్బది, చందాదారులు పదునాలుగువేలు. పదేండ్లలో, 1962 నాటికి సంస్థలు ఎనిమిదివందలకు చేరువ, చందాదారులు ఎనిమిదిన్నర లక్షలు.

ఈ విజయమే ఒక ధర్మసందేహమును పుట్టించినది. ఆకాశమున వచ్చు బొమ్మ యెవరిది? కేబులువాడు దానిని చేయలేదు, కొనలేదు; కొండమీద పట్టుకొని తీగలో దింపి రుసుము పుచ్చుకొనుచున్నాడు. చిత్రముల హక్కుదారులు దావా వేసిరి. పశ్చిమ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్, ఫెయిర్‌మాంట్ ఊళ్ళకు కేబులు నడపిన ఫోర్ట్‌నైట్లీ కంపెనీపై యునైటెడ్ ఆర్టిస్ట్స్ వారు వేసిన వ్యాజ్యములో 1968లో అమెరికా సుప్రీంకోర్టు కేబులువాని పక్షమున తీర్పు చెప్పెను. అతడు ప్రదర్శకుడు కాడు, ప్రేక్షకునికి చూచుటకు తోడ్పడువాడే యని దాని సారము. మన మాటలలో, నీటి తీరువా నీటి వెల కాదు, కాలువ త్రవ్వి తెచ్చిన శ్రమకు పైకము. ఆ తీర్పు చిరకాలము నిలువలేదు. 1976లో చేసిన క్రొత్త చట్టము కేబులువారు హక్కుదారులకు నిర్ణీతమైన పైకము చెల్లించి వాడుకొనవలెనని విధించినది. రెండింటిలో ఏది న్యాయమన్నచో నాకు రెండవదే న్యాయముగా తోచును. వర్షము ఎవరును కురిపించినది కాదు. చిత్రము అట్లు కాదు, దానికి చెమటోడ్చినవారు కలరు.

ఇంతవఱకు లాన్స్‌ఫర్డే మొదటిదన్నట్లు చెప్పితిని. దీనికి పోటీదారులు కలరు. ఆ రాష్ట్రములోనే మహనాయ్ సిటీ అను మఱొక బొగ్గు ఊరిలో జాన్ వాల్సన్, మార్గరెట్ దంపతులు సర్వీస్ ఎలక్ట్రిక్ అను పేర విద్యుత్తు సామానుల దుకాణము నడపుచుండిరి. వాల్సన్ విద్యుత్తు కంపెనీలో ఉద్యోగియు గనుక స్తంభములు, తీగలు అతనికి చేతిలోని విద్య. 1948 జూనులోనే న్యూ బోస్టన్ కొండమీద ఏరియల్ నాటి, కొనవచ్చినవారిని కొండయెక్కించి బొమ్మ చూపుచుంటిననియు, పిమ్మట సైన్యము వదలిన మిగులు తీగను కొని దుకాణమువఱకును, దారిలోని ఇండ్లకును దింపితిననియు ఆయన చెప్పెను. దేశపు పడమటికొనను ఆరెగాన్ రాష్ట్రమున అస్టోరియా ఊరిలో ఎడ్ పార్సన్స్ అను రేడియో కేంద్రపు యజమాని యుండెను. భార్య టెలివిజన్ కావలెనని కోరగా, 125 మైళ్ళ దూరపు సియాటిల్ కేంద్రము ప్రారంభమైన 1948 నవంబరు 25వ తేదీననే హోటలు మేడమీది ఏరియల్‌తో బొమ్మను పట్టెను. చూడవచ్చిన జనముతో ఇల్లు నిండిపోయి ఆలుమగలకు నిలువ చోటు లేకపోగా, తీగను హోటలు చావడికిని, ఎదుటి సంగీతవాద్యముల దుకాణమునకును సాగదీసెను. భార్యకోరికపై పారిజాతము తెచ్చినవాని యవస్థ ఇట్టిదే గదా యని నవ్వుకొంటిని.

వీరిలో ఆద్యుడెవరు? 1979లో అమెరికా కాంగ్రెసును, కేబులు వ్యాపారుల జాతీయసంఘమును వాల్సన్‌నే గుర్తించినవి. కాని ఆయన పాత లెక్కల పుస్తకములు 1952లో అగ్నిప్రమాదమున దగ్ధమైనవి. చందా రసీదు లేదు, తీగ కొన్న చీటీ లేదు. వ్రాతమూలకమైన ఆధారము చాలదని చరిత్రకారులు కొందఱు సందేహించిరి. లాన్స్‌ఫర్డ్ కంపెనీకో, నాటి పత్రికల సాక్ష్యము కలదు. వాల్సన్ సత్యమే పలికియుండవచ్చును. అయినను ఆవర్జా కాలిపోయినవాని సత్యమునకు ఎల్లప్పుడును ఒక సాక్షి తక్కువగనే యుండును.

తరువాతి కథ త్వరగా ముగియును. 1972 నవంబరు 8వ తేదీన హెచ్‌బీఓ అను చందా చలనచిత్రముల సంస్థ తొలిసారి ప్రసారము చేసినది ఈ వాల్సన్ కంపెనీ తీగమీదనే. విల్క్స్‌బారీ ఊరిలో 365 ఇండ్లకు. 1975లో అదియే ఉపగ్రహమునెక్కి దేశమంతటికిని దిగినది. అంతటితో కొండ పని తీరిపోయినది. దగ్గఱి నగరపు బొమ్మను తెచ్చుట పోయి, ఆకాశమునుండి దిగు పెక్కు బొమ్మలను అమ్ముట వచ్చినది. ఆ పిమ్మట చిన్న ఊళ్ళ కంపెనీలనేకము పెద్ద కంపెనీలకు అమ్ముడుపోయినవి. వెల యజమానులకు ముట్టినది. మొదట 125 డాలర్లు పోసి తీగను నిలిపిన గనికూలివాని పద్దు ఆ లెక్కలో ఎచ్చటను కనబడదు. అధర్మమని అనజాలను, వాటా లేదని మొదటనే చెప్పితిని గదా. కాని నాబోటివానికి ఆ ఖాళీ గడి కంటిలో నలుసువలె గుచ్చుకొనును.

మన పల్లెలకు ఈ తీగ 1990 తరువాత వచ్చినప్పుడు డాబాపైని పెద్ద గిన్నె ఏరియల్‌తో, ఉపగ్రహపు బొమ్మతోనే వచ్చినది. అయినను పద్ధతి లాన్స్‌ఫర్డ్‌దే. ఒకడు పట్టును, ఊరందఱకును పంచును, నెలకొకసారి పుస్తకము చంకబెట్టి వసూలుకు వచ్చును. 1995 నాటి కేబులు చట్టము అతనిని తపాలా కార్యాలయమున నమోదు చేసికొనుమనినది. తీగ కరెంటు స్తంభములనే ఆశ్రయించినది. నేడు కొన్ని ఇండ్లమీద సొంత గిన్నెలు, అందఱి చేతులలో ఫోనులు. పాత తీగలు కొన్ని వేపకొమ్మలలోనే ఉండిపోయినవి. ఆ తొలినాళ్ళ వసూలు పుస్తకము ఒక్కటైన మన ఊరిలో మిగిలినదేమోయని విచారించితిని, దొరకలేదు.

లాన్స్‌ఫర్డ్‌లో పెద్ద బొగ్గు కంపెనీ 1954లో గనులను మూసివేసెను. 1855లో త్రవ్వనారంభించిన తొమ్మిదవ నంబరు గని మాత్రము 1972 వఱకు నడచి, పిమ్మట ప్రదర్శనశాలయై చూడవచ్చినవారిని లోపలికి తీసికొనిపోవుచున్నది. జనసంఖ్య 2020 లెక్కలలో నాలుగువేల పైచిలుకు.

కార్యదర్శిగారు నాకు కనుసన్న చేయుచున్నారు, కాలము మించినది. ఒక్క మనవి. మన గ్రంథాలయపు మొదటి మూడేండ్ల చందా పుస్తకము పాత గది కారినప్పుడు తడిసి, అక్షరములు కలిసిపోయినవి. సంచికకై ఆద్యసభ్యుల పట్టిక వ్రాయబూని, జ్ఞాపకముమీద చెప్పినవారి పేర్లు నలువదియొకటి సేకరించితిని. వానిలో పదునొకండు పేర్లకు ఒకరు ఔననిన మఱొకరు కాదనుచున్నారు. ఆ కాలపు చందా రసీదు మీ ఇండ్లలో, పెద్దల పెట్టెలలో, దేవుని పటముల వెనుక ఎచ్చటనైన నున్నచో, చిరిగినదైనను సరే, ఆదివారములోపల నాకు చూపుడు. నకలు వ్రాసికొని అసలును మీకే తిరిగి యిచ్చెదను. ఉదయము తొమ్మిది గంటలవఱకు ఇంట నుందును. ఆ పిమ్మట సంఘపు కార్యాలయమున నుందును.